ఊరి సర్వే ఊరికే తిరిగి చేరాలి

శ్రీకాకుళం: డిగ్రీ మార్కుల జాబితాలో ఊరికి కూడా చోటు దొరికింది. 2020-21లో డిగ్రీ పాఠ్యక్రమాన్ని సవరించినప్పుడు రాష్ట్ర ఉన్నత విద్యామండలి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేసిన సంగతి విదితమే. మొదటి సంవత్సరం ముగిశాక 180 గంటలు ఊళ్లో పనిచేయాలి. ఇందుకు నాలుగు క్రెడిట్లు. 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టుతో ఆనర్స్ డిగ్రీ ప్రవేశపెట్టినప్పుడు కూడా దీన్ని కొనసాగించారు.

కళాశాలలకు సేవ కొత్త కాదు. గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక దత్తత గ్రామం, ఏడు రోజుల శిబిరం దాని పద్ధతి. అయితే అందులో చేరడం విద్యార్థి ఇష్టం. ఈ ప్రాజెక్టు అలా కాదు, మార్కులున్న పాఠం. మార్కులుంటే పని జరుగుతుంది. కాని మార్కుల కోసమే జరిగే ప్రమాదమూ వుంది. ఒకరు రాసిన నివేదికను పదిమంది దింపుకుంటే గంటలు పూర్తవుతాయి, చదువు మాత్రం పూర్తి కాదు.

ఈ తేడా ఉద్దానంలో కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాలను పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి అసలు కారణం ఇంతవరకు నిర్ధారణగా తేలలేదు. ఏళ్ల తరబడి బృందాలు వస్తూనే వున్నాయి. రక్తం, నీరు నమూనాలు తీసుకువెళుతూనే వున్నాయి. అటువంటి ఊళ్లో కుర్రవాళ్లు ప్రశ్నావళి పట్టుకుని గడప ఎక్కితే, దీనివల్ల మాకేమిటని ఇంటివారు అడగడంలో తప్పు లేదు.

వ్యాధి మూలాన్ని కనుక్కోవడం డిగ్రీ విద్యార్థుల పని కాదు. వారు చేయగలిగిన పని వేరే వుంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం వచ్చింది. ఆ నీరు ఏ వీధి చివరి కుళాయి వరకు వస్తోంది? ఇంకా బోరునీరే తాగుతున్న ఇళ్లెన్ని? డయాలసిస్‌కు వెళ్లే రోగికి దారి ఖర్చు ఎంత, పోయే కూలి ఎంత? ఇవి ఇంటింటికీ తిరిగితే తప్ప తెలియని లెక్కలు.

ఈ లెక్క తీయడానికి ఒక సబ్జెక్టు చాలదు. నీటిని పరీక్షించడానికి రసాయనశాస్త్ర విద్యార్థి కావాలి. ఇంటి ఖర్చు లెక్కగట్టడానికి అర్థశాస్త్రం చదివేవాడు కావాలి. ముసలమ్మ చెప్పింది చెప్పినట్లు రాయడానికి తెలుగు విద్యార్థి కావాలి. ఒకే సబ్జెక్టుకు పరిమితమైన ఆనర్స్ విద్యార్థికి, పక్క తరగతివాడి దగ్గర నేర్చుకునే అవకాశం ఈ ప్రాజెక్టులోనే దొరుకుతుంది. కనుక బృందాలను తరగతుల వారీగా కాక, వేర్వేరు సబ్జెక్టులవారిని కలిపి ఏర్పాటు చేయడం మేలు.

మార్గదర్శకాలలో రెండు మంచి మాటలు వున్నాయి. నివేదిక ప్రతి ఒకటి స్థానిక పాలకులకు ఇవ్వాలి. మరుసటి ఏడాది వచ్చే బృందం దాన్ని ఆధారం చేసుకోవాలి. కళాశాలలు ఈ రెండింటినీ పట్టుకుంటే చాలు. ఇంగ్లీషు నివేదిక అల్మారాలో వుంటే ఊరికి ఒరిగేదేమీ లేదు. రెండు పుటల తెలుగు సారాంశం గ్రామసభలో చదివితే, అది పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు పనికివస్తుంది. తప్పులుంటే సభలోనే ఎవరో ఒకరు లేచి దిద్దుతారు. అంతకు మించిన వైవా లేదు. నాలుగో ఏడు చదివేవారిని జూనియర్లకు తోడుగా అదే ఊరికి పంపితే, నిరుటి లెక్కకూ ఇప్పటి లెక్కకూ తేడా తెలుస్తుంది.

అధ్యాపకులకు ఇది అదనపు భారమే, కాదనలేం. దూరం ఊళ్లకు బస్సు ఛార్జీలు, ఆడపిల్లల రాకపోకలు కూడా చిక్కులే. ఎవరి ఊరికి దగ్గరలో వారికి పని అప్పగిస్తే ఇవి చాలావరకు తీరుతాయి. ఊరు తన కష్టాన్ని విప్పి చెప్పేది నమ్మకం మీద. అడిగినవారు తిరిగి వచ్చి లెక్క అప్పజెబితేనే మరుసటి ఏడు తలుపు తెరుచుకుంటుంది.