అడగని రంగు పోగు

మెట్లు మెట్లుగా కనిపించే అంచు చేతకానితనమని, నునుపైన అంచే నాణ్యత అని డిజైన్ నేర్పే చోటల్లా చెబుతారు. వెక్టర్ బొమ్మను పీఎన్‌జీగానో బీఎంపీగానో మార్చేటప్పుడు అంచులను నునుపు చేసే యాంటీ ఏలియాసింగ్ తీసేయమంటే, ఏమీ తెలియనివాళ్లని చూసినట్టు చూస్తారు. ఫోన్‌లో చూసుకునే బొమ్మ వరకు ఆ మాట ఒప్పుకుంటాను. చీర మీదికి వెళ్లే బొమ్మ విషయంలో మాత్రం అది తప్పు, నేతగాడి పట్టునూ శ్రమనూ పాడుచేసే తప్పు.

జకార్డ్ మగ్గానికి ఇచ్చే బొమ్మలో నిలువు వరుస ఒక హుక్కు, అడ్డు వరుస ఒక పేక. 240 హుక్కుల జకార్డ్ అయితే వెడల్పు 240 గళ్లకు మించదు. ప్రతి గడి దగ్గరా పడుగు లేవాలి, లేదా లేవకూడదు. మగ్గాన్ని నడిపే అట్టకు చిల్లు పడుతుంది, లేదా పడదు. సగం చిల్లు ఉండదు.

నునుపు చేయడమంటే ఆ సగాన్ని పుట్టించడమే. గీత ఒక పిక్సెల్‌ను, అంటే ఒక గడిని, సగమే కప్పితే సాఫ్ట్‌వేర్ రెండు రంగులనూ కలిపి అక్కడ పూస్తుంది. దూరం నుంచి కంటికి అది వంపులా తోస్తుంది. మగ్గానికి కన్ను లేదు. రెండే రంగులతో గీసిన బుటా ఫైలులో పదుల కొద్దీ రంగులతో తేలుతుంది.

తర్వాత రంగులు తగ్గించుకుంటే సరిపోతుందంటారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఈ సలహాయే. ఎర్ర చీర మీద పసుపు మామిడి పిందె, పక్కన నారింజ పువ్వు ఉన్నాయనుకోండి. ఎరుపు, పసుపు చెరిసగం కలిస్తే నారింజ. మూడు రంగులకు కుదించగానే పిందె చుట్టూ ఎవరూ గీయని నారింజ గీత మొలుస్తుంది. ఇక ఒక పిక్సెల్ మందం గీత సరిగ్గా రెండు వరుసల మధ్య పడిందా, రెండూ సగం సగం నిండుతాయి. నలుపు తెలుపులుగా మార్చేటప్పుడు హద్దు ఎక్కడ పెట్టినా ఆ గీత మాయమైనా అవుతుంది, రెట్టింపు లావైనా అవుతుంది. పోయింది తిరిగి రాదు.



కాబట్టి నునుపును మొదట్లోనే ఆపాలి. ఇల్లస్ట్రేటర్ ఎగుమతిలో యాంటీ ఏలియాసింగ్ దగ్గర 'నన్' ఎంచుకోవచ్చు. ఇంక్‌స్కేప్‌లో యాంటీ ఏలియాసింగ్ స్థాయిని సున్నా చేయవచ్చు. ఎస్‌వీజీ వెక్టర్ ఫైలులోనే 'క్రిస్ప్ ఎడ్జెస్' అని రాసే వీలుంది గానీ అది సూచన మాత్రమే, పాటించడం ఆయా సాఫ్ట్‌వేర్ ఇష్టం. అందుకే ఫైలు బయటికొచ్చాక రంగులు లెక్కపెట్టాలి. మూడుతో గీస్తే మూడే ఉండాలి. అంగుళానికి పడుగు ఎన్ని, పేకలు ఎన్ని అన్నది తరచూ వేరుగా ఉంటుంది కాబట్టి, ఎత్తూ వెడల్పూ విడివిడిగా ఇవ్వాలి.

ఇంతా చేశాక వంపుల దగ్గర ఒకటి రెండు మెట్లు మొరటుగా వస్తాయి, నిజమే. వాటిని పెద్దవి చేసి చూసి, గడి గడీ చేత్తో దిద్దుకోవాలి. గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గళ్లు నింపిన డిజైనర్లు మామిడి పిందె వంపును అలాగే తెచ్చారు.