కులూ లోయలో కాఠ్‌కుణి ఇళ్లు
హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయలో పాత ఇళ్లు చాలావరకు కాఠ్‌కుణి పద్ధతిలో కట్టినవి: ఒక వరస దేవదారు దూలాలు, దాని మీద ఒక వరస రాయి, మళ్లీ దూలాలు. మధ్యలో సున్నం గానీ సిమెంటు గానీ ఉండదు. మూలల్లో దూలాలు ఒకదాని మీదొకటి అడ్డంగా పడి, చెక్క మేకులతో బిగుస్తాయి. భూమి కంపిస్తే ఈ గోడ బిర్రుగా ఎదురు నిలవదు. కొద్దికొద్దిగా కదులుతూ ఆ ఊపును తనలోనే అరిగించుకుంటుంది. 1905 ఏప్రిల్ 4 నాటి కాంగ్డా భూకంపాన్ని ఇదే పద్ధతిలో కట్టిన నగ్గర్ కోట తట్టుకుంది. ఈ ఇళ్లలో కింది అంతస్తు పశువులది, పైది మనుషులది. చలికాలంలో పశువుల ఒంటి వేడి పైగదులకు అందుతుంది. చుట్టూ కొయ్య వసారా, పైన పలకరాతి కప్పు. ఆ కప్పు బరువే గోడలను అణిచి పట్టి ఉంచుతుంది. ఇంత తెలివైన కట్టడాన్ని వదిలి కాంక్రీటుకు మళ్లారని ఊరివాళ్లను తప్పుపట్టడం చూడవచ్చినవాళ్లకు తేలికే. కానీ దేవదారు ఖరీదు పెరిగింది, నేర్పున్న మేస్త్రీలు తగ్గారు, అడవి నుంచి ఊరివాళ్లకు హక్కుగా దక్కే కలప కోటాతో ఇలాంటి ఇల్లు లేవదు. కాంక్రీటు గోడకు చెక్క పలకలు అతికించి అదే శైలి అని చెప్పుకునే హోటళ్లవి ఉత్త వేషాలు. కనీసం పాత ఇళ్ల మరమ్మతులకైనా ఆ కోటాను పెంచడం సబబు.