గణాంక విద్య: కలకత్తాతో మనకేమి సంబంధం?

ఆచార్యులు దేశదేశాల నుండి వచ్చి విద్యా పరిశోధనలు జరుపుకొంటే మనకేమని మన సోదరులు కొందరు అడుగుతుంటారు. ఆరు మాసాలకొకసారి కరువు భత్యం కోసం ఎదురుచూచే రైల్వే, తపాలా ఉద్యోగులు ఈ ప్రశ్న వేయుట మాకు వింతగా తోచుచున్నది. ఆ భత్యం పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని బట్టి నిర్ణయమగును. ఆ సూచీలో బియ్యం వాటా ఎంత, ఇంటి అద్దె వాటా ఎంత అనునది ఎంపిక చేసిన కొన్ని కుటుంబాల ఖర్చుల సర్వే తేల్చును. కొద్దిమందిని విచారించి లక్షలమంది స్థితిని తెలిసికొను ఈ విద్యను మన దేశంలో పెంచి పోషించినది కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ.

1931లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ దీనిని స్థాపించారు. బెంగాల్ జనపనార పంటను నమూనా సర్వేలతో అంచనా వేసిన అనుభవంతో 1950లో జాతీయ నమూనా సర్వేకు రూపకల్పన చేసినది ఈ సంస్థయే. అదే సంవత్సరం యునెస్కో, భారత ప్రభుత్వాల ఆధ్వర్యంలో అంతర్జాతీయ గణాంక విద్యాకేంద్రం ఇక్కడ వెలసినది. ఆసియా, ఆఫ్రికా దేశాల ఉద్యోగులు వచ్చి చదువుకొన్నారు. పై చదువంటే లండను ఓడ ఎక్కుటయే అనుకొనే రోజులవి. వలసపాలన నుండి బయటపడుతున్న దేశాలవారు తమవంటి పేద దేశంలోనే తమ ప్రజల లెక్కలు తీయుట నేర్చుకొన్నారు. దీనిని మేము దానమనము, సహకారమంటాము.

అమెరికా నుండి నార్బర్ట్ వీనర్, 1962లో సోవియట్ యూనియన్ నుండి కొల్మొగొరోవ్ ఇక్కడికి వచ్చారు. ఇక్కడివారూ వెళ్ళారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి 1941లో శిక్షణకై చేరిన మన సి.ఆర్. రావు, సూడానులో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించుటకు 1946లో కేంబ్రిడ్జికి పోయారు. అంతకు ముందే, 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో వెలువడిన ఆయన వ్యాసం నేటికీ ప్రపంచమంతటా పాఠ్యాంశం. 2023లో, 102 ఏండ్ల వయస్సులో, ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి ప్రకటించబడినది. ఆ ఆగస్టులోనే కన్నుమూశారు.

సంస్థలో లోపాలు లేవని మేము వాదించము. 1957లో బ్రిటన్ విడిచి వచ్చి చేరిన హాల్డేన్ వంటివారే 1961లో విభేదించి వెళ్ళిపోయారు. అయితే ఆ తగవులు విద్వాంసుల మధ్య తగవులు.

2025లో కేంద్ర ప్రభుత్వం ఒక ముసాయిదా బిల్లు వెలువరించినది. 1959 చట్టాన్ని రద్దుచేసి, ఈ సంస్థను నడుపుతున్న సొసైటీ స్థానంలో చట్టబద్ధ సంస్థను నెలకొల్పుట దాని సారాంశం. శతజయంతి నాటికి ప్రపంచస్థాయికి తెచ్చుటకే అని ప్రభుత్వం చెప్పినది. 1950లోనే ప్రపంచం వచ్చి చేరిన చోటికి ఈ మాట చెప్పుట విడ్డూరం! ఆచార్యులు, విద్యార్థులు, ఉద్యోగులు నిరసించారు.

మన యజమాని ప్రభుత్వం. మన ధరల సూచీ లెక్కకట్టేదీ ప్రభుత్వమే. కనుక ఆ లెక్క సరియో కాదో చెప్పగల విద్వాంసులైనా యజమాని అదుపునకు వెలుపల ఉండాలి. 1963లో బొంబాయి కార్మికులు సూచీ తప్పని ఆందోళన చేయగా, లక్డావాలా నాయకత్వాన నిపుణుల సంఘం పరిశీలించి లోపాలున్నవని తేల్చినది. కార్మికుల నినాదానికి లెక్క తెలిసినవారి మాట తోడైనది.

ఖరగ్‌పూర్, గార్డెన్‌రీచ్ శాఖలలోని మన తెలుగు సభ్యులు 1959 చట్టాన్నీ, 2025 ముసాయిదానూ ప్రక్కప్రక్కన పెట్టి చదివి, పాలకమండలిలో ఎవరి నియామకం ఎవరి చేతిలో నున్నదో తమ సమావేశాలలో చర్చించాలని కోరుచున్నాము.