రాతి దుమ్ముకు కొలత ఎవరిది? ప్రాణం ఎవరిది?

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఒకటి. నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలు చేయిస్తామని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంటోంది. కంకర మిషన్ల దగ్గర, గ్రానైట్ కటింగ్ షెడ్లలో, పలుగురాయి పొడి చేసే మిల్లుల్లో పనిచేసేవాళ్ల వైపు నిలబడి ఈ కోడ్‌ను చదివితే మాకు వేరే సంగతులు కనిపిస్తున్నాయి.

రాతి దుమ్ములోని సిలికా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. అది తెచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. చాలాసార్లు దాన్ని టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులే మింగిస్తారు. క్యాన్సర్ బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. అప్పటికి కాంట్రాక్టరు మారిపోతాడు, మిల్లు మూతపడుతుంది.

దుమ్ము ఎంత ఉండొచ్చన్న కొలతనే చూద్దాం. 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్ లెక్క ప్రకారం, స్వచ్ఛమైన పలుగురాయి దుమ్మయితే ఘనపు మీటరు గాలిలో దాదాపు 100 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు. అమెరికా 2016లో తన పరిమితిని 50కి దించింది. మన కొత్త కోడ్ అసలు ఈ అంకెలనే చట్టంలోంచి తీసేసి, ప్రభుత్వం నోటిఫై చేసే ప్రమాణాలకు వదిలేసింది. పార్లమెంటులో చర్చ జరగకుండానే వాటిని మార్చుకోవచ్చు.

ఫ్యాక్టరీ నిర్వచనం కూడా మారింది. కరెంటుతో నడిచేచోట 10 మంది ఉంటే చాలన్న నిబంధన 20కి, కరెంటు లేనిచోట 20 మంది అన్నది 40కి పెరిగింది. ప్రమాదకర పని అని నోటిఫై చేస్తే ఒక్కరున్నా కోడ్ వర్తిస్తుందంటున్నారు. అయితే ఆ నోటిఫికేషన్ కార్మికుడి హక్కు కాదు, ప్రభుత్వ ఇష్టం.

దీని పర్యవసానం గోధ్రా చెబుతుంది. మధ్యప్రదేశ్‌లోని ఝబువా, అలీరాజ్‌పూర్, ధార్ జిల్లాల ఆదివాసులు గుజరాత్‌లోని పలుగురాయి మిల్లులకు వలసపోయి, ఊపిరితిత్తులు పాడై తిరిగొచ్చారు. చనిపోయిన 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. దుమ్ము లేపినవాళ్ల లాభం వాళ్ల దగ్గరే ఉంది, పరిహారం మాత్రం ప్రజల సొమ్ములోంచి వెళ్లింది.

ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను 40 ఏళ్లు భద్రపరచాలని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు కూలీకి మస్టరులో పేరే లేకపోతే ఆ రికార్డు ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే మేం అడిగేవి నాలుగే. సిలికా పరిమితి 50 మైక్రోగ్రాములకు దించి చట్టంలోనే రాయాలి. దుమ్ము లేచే ప్రతి పనికీ, ఒక్క కూలీ ఉన్నా, కోడ్ వర్తించాలి. చేతికి మాస్కు ఇచ్చి సరిపెట్టకుండా, నీళ్లు చల్లి కోసే పద్ధతినీ దుమ్ము లాగే యంత్రాలనూ తప్పనిసరి చేయాలి. రాజస్థాన్ 2019లో తెచ్చినట్టు రెండు తెలుగు రాష్ట్రాలూ గుర్తింపు, పరిహారం, పింఛనుతో సిలికోసిస్ విధానం తేవాలి.

1942 నుంచి 1946 దాకా కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ పని గంటలను చట్టం ద్వారా తగ్గించారు. ఏ పని ఎవరికన్నది కులం నిర్ణయించే దేశంలో, పీల్చే గాలి కొలత కూడా చట్టంలోనే ఉండాలి.