చెవిలోని హోరు – ఇంటిలోని నవ్వు

గ్రుడ్డితనమును గూర్చి మన భాషలో జాలిమాటలు కొన్నియైనను గలవు. చెవిటితనమును గూర్చి నవ్వుమాటలే మిక్కుటము. చెవిటివాని ముందు శంఖ మూదినట్లని సామెత చెప్పుదుము. మందమతిని చెవిటిమాలోకమందుము. నాటకమునగాని చలనచిత్రమునగాని చెవిటిపాత్ర ప్రవేశించినదన్న, హాస్యమునకే వచ్చినదని ప్రేక్షకుడు నోరు విప్పి సిద్ధముగా నుండును. ఈ నవ్వు రంగస్థలముననే నిలిచిపోయినచో మేమీ వ్యాసమునకు పూనుకొనకుందుము. అది మన భోజనశాలలలోనికి వచ్చి పీట వేసికొని కూర్చున్నది. అరువదియేండ్లు దాటిన తండ్రి "ఏమంటివి?" అని రెండవమాఱడిగినచో కుమారుడు విసుగుకొనును, మూడవమాఱడిగినచో "ఏమీ లేదులే" యనును. ఆ "ఏమీ లేదులే" కంటె వాడియైన ముల్లు వేఱొకటి లేదు. కొన్నినెలలకు ముసలివాడడుగుటయే మానును. అటుపిమ్మట పదిమందిలోనికి వచ్చుట మానును. ఇంటివారో, "పెద్దాయన యీమధ్య ముభావముగా నున్నాడు" అని చెప్పుకొందురు!

ఈ లోపమునకు తోడుగా పెక్కుమందికి మఱియొక బాధ గలదు. బయట నే సవ్వడియు లేకున్నను చెవిలో కీచురాయి యఱచినట్లో, ఆవిరి చిమ్మినట్లో, సముద్రము ఘోషించినట్లో రేయింబవళ్లు మ్రోగుచుండును. సుశ్రుతసంహిత 28 కర్ణరోగములను లెక్కించుచు బాధిర్యముతోపాటు ఈ నాదమునుగూడ పేర్కొన్నది. కావున నిది నేటి నాగరికత తెచ్చిన క్రొత్తజబ్బు కాదు. 2022లో వెలువడిన యొక పరిశీలన ప్రపంచమున 74 కోట్లకు పైబడిన వయోజనులకీ హోరు గలదనియు, వారిలో 12 కోట్లకు పైగా తీవ్రముగా బాధపడుచున్నారనియు అంచనా వేసినది.

ప్రక్కవానికి వినబడని బాధ గనుక ఇంటివారు దీనిని భ్రమ యందురు. పొరుగమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోయుమనును. కర్ణభేరికి చిల్లున్నచో ఆ నూనె కీడే చేయును, పోయుమనునామెకు చిల్లు కనబడదు. కుమారుడు ప్రకటనలు చూచి మాత్రలు తెప్పించును. కడకు వైద్యునియొద్దకు పోయిన, ఆయన రెండు నిమిషములు చూచి "దీనికి మందు లేదు, అలవాటు పడుడు" అని పంపివేయును.

మా తగవు ముఖ్యముగా నీ కడపటివానితో. పొరుగమ్మ యెఱుగక చేయుచున్నది. ఈయన యెఱిగియు సగమే చెప్పుచున్నాడు. అలవాటు పడుట సాధ్యమన్నది నిజము. అదెట్లో చెప్పకుండుటయే యపరాధము. ఈత నేర్పక ఏటిలో దింపి, ఈదుకొని రమ్మన్నట్లున్నది.

ఈ హోరెట్లు పుట్టును? లోచెవిలో శబ్దమును గ్రహించు సన్నని రోమకణములు వయస్సుచేతనో, సిరిసిల్ల మరమగ్గములవంటి యంత్రముల నిరంతరధ్వనిచేతనో నశించినపుడు మెదడునకు చేరు శబ్దసమాచారము తగ్గును. ఆ కొఱతను పూరించుటకు మెదడు తన గ్రహణశక్తిని హెచ్చించుకొనుననియు, ఆ హెచ్చింపే హోరుగా వినబడుననియు పెక్కుమంది శాస్త్రజ్ఞుల యభిప్రాయము. వేఱు కారణములచే శ్రవణనాడిని కోయవలసివచ్చిన రోగులలో ననేకులకు ఆ పిమ్మటను హోరు నిలువలేదు. మఱియొక వింత: 1953లో హెల్లరు, బెర్గ్‌మను అనువారు చెవులు సరిగా నున్న 80 మందిని శబ్దము చొరని గదిలో కూర్చుండబెట్టి, ఏమి వినబడునని యడిగిరి. నూటికి 94 వంతులవారు ఏదో యొక నాదము వినబడెననిరి. అనగా నీ చప్పుడు పెక్కుమందిలో నడగియే యున్నది, నిశ్శబ్దములో బయటపడును.

రైలుకట్ట ప్రక్క కాపురమున్నవారిని చదువరులెఱుగుదురు. అర్ధరాత్రపు మెయిలు ఇల్లదరునట్లు పోయినను వారికి మెలకువ రాదు. ఆ రాత్రి వచ్చిన చుట్టము మాత్రము లేచి కూర్చుండును. అదే యింటి తల్లి రైలునకు మేల్కొనదు గాని, చంటిబిడ్డ మూలిగినంతనే మేల్కొనును. చప్పుడు పెద్దదా చిన్నదా యని కాదు, నాకు దీనితో పనిగలదా లేదా యని మనస్సు అడుగును. 1984లో హాలము, రాక్‌మను, హించ్‌క్లిఫు అను మువ్వురు చెవిహోరునకు నీ న్యాయమునే యన్వయించిరి. భయములేనిచోట మనస్సు హోరును క్రమముగా విడిచిపెట్టును. "దీనివలన నాకు పిచ్చియెత్తును, మెదడులో ఏదో పగిలినది" అని భయపడినచోట దానిని కాపలా కాయును. కాచినకొలది హోరు పెరిగినట్లు తోచును. తోచినకొలది భయము హెచ్చును. 1990లో జాస్ట్రెబాఫను శాస్త్రజ్ఞుడు మెదడులోని భయోద్వేగముల మార్గములు దీనితో నెట్లు ముడిపడునో వివరించెను.

కావున చికిత్స యా ముడియొద్దనే ప్రారంభింపవలెను. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ యను మానసచికిత్స చేయుపని యిదియే. రోగి తన భయమును మాటలలో పెట్టి, అది యెంతవఱకు నిజమో తానే పరీక్షించును. హోరునకు జడిసి మానిన పనులను, పోవుట మానిన పేరంటములను ఒక్కటొక్కటిగా తిరిగి చేపట్టును. శరీరమును సడలించుట, నిద్రవేళలు దిద్దుకొనుట నేర్చుకొనును. రాత్రి పూర్ణనిశ్శబ్దమును వెదకక, పంకాచప్పుడువంటి మెల్లని ధ్వనిని తోడుంచుకొనును. చప్పుడు తగ్గునని మేము చెప్పము. బాధ తగ్గునని చెప్పుచున్నాము. 2020లో కాక్రేన్ సమీక్షకులు 28 పరీక్షలను, 2733 మంది రోగులను పరిశీలించి, ఈ చికిత్సవలన జీవితముపై హోరు పెత్తనము తగ్గవచ్చునని నిర్ణయించిరి. 2014లో అమెరికా కర్ణవైద్యుల యకాడమీ నిరంతరము బాధించు హోరునకు దీనినే సిఫారసు చేసి, జింకు, గింకో మున్నగువానిని సిఫారసు చేయరాదనినది. మాత్రలు తెప్పించిన కుమారుడీ వాక్యమును రెండుమాఱులు చదువవలెను. కాని, హోరు ఒక్క చెవిలోనే యున్నను, నాడితోపాటు కొట్టుకొనుచున్నను, వినికిడి హఠాత్తుగా పోయినను మొదట పోవలసినది వైద్యునియొద్దకే, అదియు నాటి దినముననే.

"మనస్సునకు చికిత్సయా? మావాడు పిచ్చివాడనియా?" అని కొందఱు కోపింతురు. కాలు విరిగినవానికి నడక నేర్పిన, వాని కాలు విరుగనేలేదని చెప్పినట్లా?

ఆంగ్లరచయిత్రి హారియెట్ మార్టినో బాల్యముననే వినికిడి కోల్పోయెను. ఆమె 1834లో తోడి చెవిటివారి కొక బహిరంగలేఖ ప్రకటించెను. అందు దాచుకొను సిగ్గును నిర్దయగా ఖండించి, శ్రవణనాళమును బాహాటముగా ధరింపుమనెను. అదే యేట ఆ నాళముతోనే అమెరికాకు పోయి, రెండేండ్లు జనులతో సంభాషించి, ఆ దేశపు సంఘమును గూర్చి గ్రంథము వ్రాసెను. ఈ ధైర్యమునకు మేము నమస్కరింతుము. ఒక్కచోట మాత్రము విభేదింతుము. ఇతరులేమనిరో తానెన్నడు నడుగరాదని ఆమె నియమము పెట్టుకొనెను. వినదగినదైన స్నేహితులే చెప్పుదురని నమ్మెను. మన యిండ్లలో నట్టి నమ్మకమునకు పాత్రులెందఱు? అడుగుట చెవిటివాని హక్కు. విసుగులేక చెప్పుట వినువారి విధి.

ఆ విధి కష్టమైనది కాదు. పేరుపెట్టి పిలిచి, ముఖము చూపి, వెలుతురులో నిలిచి మాటాడవలెను. టెలివిజను కట్టివేయవలెను. అఱవరాదు, అఱపు మాటను వికారముచేసి, కోపముగా తోపించును. ఒకమాట అందనిచో దానినే పదిసార్లు చెప్పక వేఱుమాటతో చెప్పవలెను. రోజంతయు పెదవులు చూచి యూహించువాడు సాయంకాలమునకు పొలము దున్నినవానివలె నలయును. ఆ యలసటను పెంకితనమనరాదు. అత్తగారికి వినబడదని కోడండ్రు గొంతు తగ్గించి నవ్వుకొందురు. ఆమె తనను గూర్చియే యనుకొనును. ఆ యనుమానమునకు తప్పు చెవిది కాదు.

ఇంతకంటె క్రూరమైనది కన్నెపిల్లల సంగతి. కండ్లద్దములు పెట్టిన పిల్లను చదువుకొన్నదందురు. వినికిడియంత్రము పెట్టిన పిల్లకు సంబంధములు రావందురు. తల్లిదండ్రులే యంత్రమును దాపింతురు. దానివలన ఆ పిల్ల తరగతిలో పాఠము పోగొట్టుకొనును, పెండ్లియైన పిమ్మట అత్తవారింట మోసగత్తె యనిపించుకొనును. చూపునకు లేని సిగ్గు వినికిడికేల? దీనికి సమాధానము చెప్పగలవారిని మేమింతవఱకు చూడలేదు.

ప్రభుత్వమేమియు చేయలేదని మేమనము. మైసూరులో 1965 నుండి అఖిలభారత వాక్‌శ్రవణసంస్థ గలదు. 2007లో బధిరత్వనివారణకు జాతీయకార్యక్రమము నారంభించిరి. శిబిరములలో యంత్రములు పంచుచున్నారు. కాని పంచిన యంత్రములలో నెన్నియో పెట్టెల యడుగున పడియున్నవి. మొదటి వారములలో గిన్నెలచప్పుడు పిడుగువలెను, తన కంఠమే పరాయికంఠమువలెను వినబడునని, కొన్నాళ్లకు మెదడు సర్దుకొనునని పుచ్చుకొన్నవానికెవ్వరును చెప్పరు. వాడు రెండుదినములకే తీసి దాచును. వానిని నెలకొకసారి పిలిచి, భయమడిగి, ఇంటివారిని ప్రక్కన కూర్చుండబెట్టి, మాటాడుపద్ధతి నేర్పుటకు ప్రతి జిల్లా యాసుపత్రిలోను తెలుగున మాటాడు శిక్షితు డొకడుండవలెను. యంత్రపు వెలతోపాటు వాని జీతమునుగూడ లెక్కలో వ్రాయుమని మేమడుగుచున్నాము.