మన పట్నం ముచ్చట్లు: పోలీసు మ్యూజియమూ, పెద్దనాయకుని పద్దూ

ఎగ్మూరులోని పోలీసు కమిషనరు కచేరీ అంటే మన పెద్దవాళ్ళకు కొంచెం జంకు. తప్పని పని వుంటేగాని ఆ గుమ్మం తొక్కేవారు కారు. ఇప్పుడా గుమ్మంలోంచి బడిపిల్లలు నవ్వుకుంటూ లోపలికి వెళుతున్నారు. 2013లో కచేరీ వేపేరికి మారిపోయింది. పాత భవనాన్ని బాగుచేయించి, 2021 సెప్టెంబరు 28న తమిళనాడు పోలీసు మ్యూజియంగా తెరిచారు.

ఆ భవనానికీ ఒక కథ వున్నది. అది 1842 నాటిది. అరుణగిరి ముదలియారు అనే ఆయన సొత్తు. పోలీసువారు మొదట దానిలో నెలకు 165 రూపాయల అద్దెకు దిగారు. తరువాత మొదటి కమిషనరు బౌల్డర్సన్ హయాంలో 21,000 రూపాయలకు కొనివేశారు. గుమాస్తా బుద్ధి గనుక లెక్క కట్టి చూచాను. పదేళ్ళ ఏడు నెలల అద్దెతో సొంత ఇల్లు! ఈనాడు చెన్నైలో అద్దె కొంపల్లో వుంటున్న మన పాఠకులు ఈ లెక్క విని నిట్టూర్చక మానరు.

లోపల పాత తుపాకులు, కత్తులు, తరతరాల యూనిఫారములు, పతకాలు, వైర్‌లెస్ యంత్రాలు వున్నాయి. పిల్లలకు తుపాకులంటే వేడుక. వాటిని చూపించడంతోబాటు పెద్దలు చెప్పవలసిన మాట మరొకటి వున్నది. ఈ పట్నంలో మొదట కాపలా కాసింది ఎవరు?

ఇంగ్లీషు కంపెనీ కోట కట్టుకున్న తొలి రోజుల్లో, 17వ శతాబ్దంలో, ఊరి కాపలా పెద్దనాయకునిది. ఆయన కింద తలారులు వుండేవారు. జీతానికి బదులు కొన్ని పొలాలూ, ఊళ్ళోకి వచ్చే సరుకుల మీద చిన్న సుంకాలూ ఆయనకు వదిలిపెట్టారు. అయితే ఒక షరతు. ఎవరి ఇంట్లోనైనా దొంగతనం జరిగి సొత్తు దొరక్కపోతే, ఆ నష్టం పెద్దనాయకుడే భరించాలి. సుంకాలు ఒక పద్దు, పోయిన సొత్తు మరొక పద్దు. కాపలావాడు ఊరికి బాకీదారు అన్నమాట. ఆ పేరే పెద్దనాయకనిపేట అని పట్నంలో నేటికీ నిలిచివుంది. రోజూ ఆ వీథుల్లో సరుకులు కొనేవారిలో ఎందరికి ఆ సంగతి తెలుసు?

తరువాత కంపెనీవారు కాపలాను తమ చేతుల్లోకి తీసుకున్నారు. 1856లో పట్నానికి కమిషనరు వచ్చాడు. 1859లో మద్రాసు రాజధాని జిల్లాలకంతటికీ పోలీసు చట్టం చేశారు. గంజాం మొదలు తిరునల్వేలి వరకు ఒకటే పోలీసు. యావద్దేశానికి పోలీసు చట్టం వచ్చినది ఆ మీదట రెండేళ్ళకు, 1861లో. బందోబస్తు పెరిగింది. కాని పోయిన సొమ్ము కాపలావాడు ఇచ్చుకోవాలన్న పాత షరతు పోయింది. పోలీసు జవాబు చెప్పవలసినది దొరలకే గాని, ఊరికి కాదు.

ఆ దూరం ఎంతో 1928 ఫిబ్రవరి 3న పట్నం చూచింది. సైమన్ కమిషన్ బహిష్కారం నాడు హైకోర్టు సమీపంలో కాల్పులు జరిగి ఒక మనిషి చనిపోయాడు. ఆ శవాన్ని చూడబోయిన టంగుటూరి ప్రకాశంగారిని తుపాకులు అడ్డగించాయి. ఆయన రొమ్ము చూపి కాల్చుకొమ్మన్నారు. ఆ కథ తెలియని తెలుగు ఇల్లు లేదు. 1946లో ఆయనే ఆ రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద అయ్యారు. రొమ్ముకు తుపాకి గురిపెట్టిన శాఖ సెల్యూటు కొట్టవలసి వచ్చింది. పోలీసుకు యజమాని ఎవరన్న ప్రశ్నకు మన కళ్ళముందు దొరికిన జవాబు అది.

మ్యూజియంలో పోలీసుశాఖ తన చరిత్ర తాను చెప్పుకుంటుంది. అది న్యాయమే. విధి నిర్వహణలో ప్రాణాలిచ్చిన కానిస్టేబుళ్ళను తలచుకోవలసిందే. కాని తుపాకికి రెండు వైపులా మనుష్యులు నిలిచారు. అటు నిలిచినవారి ముచ్చట మన ఇళ్ళల్లో వుండాలి. నిజానికి మనవాళ్ళు రెండు వైపులా వున్నారు. 1953లో ఆంధ్రరాష్ట్రం విడిపోయినప్పుడు ఇక్కడే వుండిపోయిన కుటుంబాలలో కానిస్టేబుళ్ళూ వున్నారు, జైలుకు వెళ్ళినవారూ వున్నారు. వారి సర్వీసు కాగితాలు, పతకాలు, జైలు నుంచి రాసిన ఉత్తరాలు మీ అటకల మీద వుండవచ్చు. ఇల్లు మారినప్పుడు వాటిని పాత కాగితాలవానికి తూకం వేయకండి. తారీఖు, మనిషి పేరు ఒక చీటీ మీద రాసి జతచేసి దాచండి.

సెలవు దినాల్లో పిల్లలను ఎగ్మూరుకు తీసుకువెళ్ళండి. తుపాకులు చూడనివ్వండి. తిరిగి వచ్చేటప్పుడు ప్రకాశంగారి కథ చెప్పండి, పెద్దనాయకుని షరతు కూడా చెప్పండి. కాపలావాడు ఊరికి బాకీదారన్న మాట పిల్లల చెవిన పడితే చాలు, వెళ్ళిన బస్సు చార్జీ గిట్టినట్టే.