కొయ్య పందెపు పడవలకు దిక్కెవరు?

తెలుగు సినిమాకూ పడవకూ విడదీయరాని బంధం వుంది. 1964లో వచ్చిన ‘మూగమనసులు’లో అక్కినేని నాగేశ్వరరావు గోదావరిపై పడవ నడిపాడు. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’ కథ చాలా భాగం నీటి మీదనే సాగింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైన తరువాత చిత్రపరిశ్రమ క్రమంగా జూబ్లీహిల్స్, ఫిలింనగర్ గుట్టలపై స్థిరపడింది. ఆ గుట్టలు దిగి కొద్ది కిలోమీటర్లు వెళితే హుస్సేన్‌సాగర్ వస్తుంది. ఆ నీటిపై సాగిన మరొక పడవల కథ మాత్రం సినిమావారికి గానీ, నగర ప్రముఖులకు గానీ పట్టినట్టు లేదు. అది ‘డింగీ’లనే చిన్న తెరచాప పందెపు పడవల కథ.

నాలుగున్నర శతాబ్దాల నాటి ఈ చెరువు తాగునీటికీ, సాగునీటికీ పనికివచ్చిన తరువాత ఆటకు కూడా ఆలవాలమైంది. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్బు, సైన్యానికి చెందిన ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ ఇక్కడ పోటీలు నడిపాయి. నైరుతి గాలులు వీచే వర్షాకాలమే పందేలకు అనువైన అదను.

ఇక్కడ పేరు పొందిన తరగతుల్లో ‘ఎంటర్‌ప్రైజ్’ ముఖ్యమైనది. జాక్ హోల్ట్ అనే ఇంగ్లీషు రూపశిల్పి 1956లో ఒక దినపత్రిక ప్రోత్సాహంతో దీనిని రూపొందించాడు. పొడవు 13 అడుగుల 3 అంగుళాలు. నీలిరంగు తెరచాపలు. నడపడానికి ఇద్దరు కావాలి. పక్కలను గుండ్రంగా వంచే శ్రమ లేకుండా ప్లైవుడ్ పలకలను ఒక్కొక్క వైపు రెండేసి మడతలుగా కలిపి తయారు చేసే ఏర్పాటు ఇందులోని సుగుణం. సామాన్య వడ్రంగికి కూడా ఇది అందుబాటులో వుండే పని.

అదే హోల్ట్ మరొకరితో కలిసి 1962 ప్రాంతంలో రూపొందించిన ‘మిర్రర్’ పడవలో పలకలను రాగి తీగతో కుట్టి, అతుకులపై ఫైబర్‌గ్లాసు పట్టీ అంటిస్తారు. ముందు భాగం మొనదేలి వుండదు, మొద్దుగా వుంటుంది. అంతకు ముందే 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం ‘ఆప్టిమిస్ట్’ను రూపొందించాడు. అదీ ప్లైవుడ్ పడవే. తెరచాప ఒకటి, నడిపే పిల్లవాడు ఒకడు.

ఒకే తరగతి పడవలన్నీ ఒకే కొలతల్లో వుండాలని నియమం. అయినా కొయ్య పనిలో కొంత తేడా తప్పదు. నియమాలు ఆ మేరకు వెసులుబాటు యిస్తాయి. ఏ కలప వాడారు, పలకను ఎంత వంచారు, ఎన్ని పూతలు వార్నిష్ వేశారు, తెరచాప కొయ్య ఎంత వంగుతుంది అనే వాటిపై నడక ఆధారపడుతుంది. అందుకే పడవ నడిపేవారు ఒకటి ఎదురుగాలికి మేలనీ, మరొకటి బరువనీ మనుషుల గురించి చెప్పుకున్నట్టే చెప్పుకుంటారు. పడవ కొలతలతో పాటు వడ్రంగి చేతివాటం కూడా అందులో నిలిచి వుంటుంది.

1970 ప్రాంతంలో బ్రూస్ కర్బీ గీసిన ‘లేజర్’ రూపం ఈ పరిస్థితిని మార్చివేసింది. ఫైబర్‌గ్లాసుతో అచ్చులో పోసే పడవ అది. ఎండకు పగలదు, వానకు ఉబ్బదు, ఏటేటా వార్నిష్ అడగదు. గెలుపు పడవది కాదు, నడిపినవాడిదే అన్న న్యాయం కూడా ఇందులో వుంది. పిల్లలకు శిక్షణ యివ్వడానికి ఫైబర్ పడవలే మేలనడంలో సందేహం లేదు. నేడు యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ప్రభుత్వ పాఠశాలల బాలబాలికలకు సైతం తెరచాప పట్టడం నేర్పుతున్నదంటే అది ఎంతైనా హర్షణీయం.

కాని కొత్తది వచ్చిందని పాతదాన్ని పొయ్యిలో పెట్టడం విజ్ఞత కాదు. కొయ్య పడవ వాడకం తప్పితే ఎంతోకాలం ఆగదు. మండుటెండకు అతుకులు విడిపోతాయి, వానకు పలకలు పొరలు పొరలుగా లేస్తాయి. దానితో పాటే ఆ పని తెలిసిన చేతులూ పోతాయి. ఇంగ్లండులో ఫాల్మత్ పట్టణంలోని సముద్రయాన మ్యూజియంలో చిన్న పడవలకే ఒక ప్రత్యేక సేకరణ వుంది. మన నగరంలో అటువంటిది ఒక్క గది అయినా లేకపోవడం శోచనీయం.

దీనికి కోట్లు అవసరం లేదు. ముందుగా క్లబ్బులు తమ షెడ్లలోనూ, పాత సభ్యుల ఇళ్లలోనూ మిగిలిన కొయ్య డింగీలను లెక్కించాలి. మాసాబ్‌ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్ విశ్వవిద్యాలయం విద్యార్థుల చేత వాటి కొలతలు తీయించి పటాలు గీయించాలి. పాత క్రీడాకారుల జ్ఞాపకాలను రికార్డు చేయించాలి.

మరమ్మతుకు మనుషులెవరని అడిగేవారికి సమాధానం ఫిలింనగర్‌లోనే వుంది. ప్లైవుడ్‌తో కోటలు, రాజమహళ్లు కట్టే సెట్టు వడ్రంగులు అక్కడ పనిచేస్తున్నారు. వారు కట్టిన మహలు షూటింగు ముగియగానే నేలకూలుతుంది. అవే చేతులకు పడవ పని నేర్పించి, ఏటా ఒక్క పడవను బాగుచేయిస్తే అది తరతరాలు నిలుస్తుంది. ఒక్క సెట్టుకయ్యే ఖర్చులో స్వల్పభాగం చాలు. జూబ్లీహిల్స్‌లోని నిర్మాతలు, సంపన్నులు ఇందుకు ముందుకు రావాలి. బాగుపడిన పడవల్లో రెండింటిని చెరువు ఒడ్డున ప్రదర్శనకు వుంచి, ఒకదానిని ఏటా వర్షాకాలపు పోటీల రోజున నీటిలోకి దించవచ్చు.

తెరపై పడవను చూసి చప్పట్లు కొట్టిన నగరం నిజమైన పడవను చెదలకు అప్పగించడం తగదు. క్లబ్బులు, పరిశ్రమ పెద్దలు, పర్యాటకశాఖ అధికారులు వచ్చే వర్షాకాలం లోపే కూర్చుని ఒక నిర్ణయానికి రావలసి వుంది.